హాలు క్యాలెండర్‌లో చెరిపేసిన చీటీ

వేరొకరు రాసి చెరిపేసుకున్న మాటను మీరెప్పుడైనా చదివారా? చదివిన తర్వాత దాన్ని ఏం చేశారు?

నేనేం చేశానో చెబుతాను. ఏడేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడేళ్లూ మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తూనే ఉన్నాను, సభల్లో మాట్లాడుతూనే ఉన్నాను. ప్రతి వ్యాసంలో ఎక్కడో ఒకచోట "ఆధారం చూపండి" అని రాస్తాను. రాసిన ప్రతిసారీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఎందుకంటే నా దగ్గర ఒక ఆధారం ఉంది. అది నా తప్పుకే ఆధారం. దాన్ని నేను ఎవరికీ చూపలేదు.

పేరు పెట్టడం లేదు. సూరత్‌లో ఉన్న మన నేత కుటుంబాల వాళ్లకు నాలుగు పేరాలు చదివేసరికి నేనెవరో తెలిసిపోతుంది. తెలియనివ్వండి. పేరు దాచింది నా కోసం కాదు, ఆ అమ్మాయి కోసం. ఆమెను సుజాత అంటాను. అది ఆమె అసలు పేరు కాదు. ఆమె తండ్రిని రాజేశం అంటాను.

పర్వత్ పాటియాలో మన సంఘానికి ఒక హాలు ఉంది. కింద చీరల గోదాము, పైన హాలు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, సంఘం మీటింగులు, నేను పెట్టే చర్చాసభలు అన్నీ అందులోనే. మగ్గాల కార్ఖానాల్లో పన్నెండేసి గంటలు నిలబడేవాళ్లకు ఛుట్టీ దొరికేదే తక్కువ కాబట్టి అందరికీ అవే రోజులు కావాలి. గోడ క్యాలెండర్ మీద పెన్నుతో రాసుకునే కాలంలో ఒకసారి ఒకే రోజును ఇద్దరికి ఇచ్చారు. రెండు పెళ్లి బృందాలు రెండు బ్యాండు మేళాలతో ఒకే మెట్ల మీద ఎదురుపడ్డాయి. ఆ రోజు ఎవరి అన్నం ఎవరు తిన్నారో ఇప్పటికీ తేలలేదని మావాళ్లు నవ్వుకుంటారు.

నేను టెక్స్‌టైల్ మార్కెట్‌లో కంప్యూటర్ మీద చీరల డిజైన్లు వేస్తాను. అందుకని హాలు తేదీలను ఫోన్లలోకి మార్చే పని నాకు అప్పగించారు. ఐదుగురు కలిసి వాడుకునే క్యాలెండర్ ఒకటి తయారుచేశాను. అధ్యక్షుడు, కార్యదర్శి, నేను, ముహూర్తాలు పెట్టే పంతులు, హాలు బుకింగులు రాసే సుజాత. ఈ ఐదుగురిలో ఎవరు ఏం రాసినా మిగతా నలుగురికీ కనిపిస్తుంది. కానీ త్వరలోనే కొత్త గొడవ మొదలైంది. గోడ మీద కొట్టివేస్తే గీతైనా మిగులుతుంది. ఫోన్‌లో చెరిపేస్తే ఏమీ మిగలదు. మా తేదీ తీసేశారని ఒకరు, అసలు రాయనే లేదని ఇంకొకరు.

దానికి నేనొక ఉపాయం చేశాను. వార్తల వెబ్‌సైట్లలో కొత్త వార్త రాగానే మన ఫోన్‌కు వచ్చి పడేలా ఫీడ్ పెట్టుకుంటారు కదా, అలాంటి ఫీడ్‌నే మా క్యాలెండర్‌కు తగిలించాను. క్యాలెండర్‌లో ఏ చిన్న మార్పు జరిగినా అది ఒక వార్తలా నా ఫోన్‌కు వస్తుంది. ముందు ఏముంది, ఇప్పుడు ఏమైంది, ఎవరు మార్చారు, ఏ సమయంలో. చెరిపేసిన మాట కూడా అందులో అక్షరం పొల్లుపోకుండా నిలిచి ఉంటుంది.

కమిటీ మెచ్చుకుంది. తగాదా వచ్చినప్పుడు మాత్రమే తెరిచి చూడాలని షరతు పెట్టింది. నేను ఒప్పుకున్నాను. ఆ మీటింగుకు పంతులు రాలేదు. సుజాత కమిటీలో లేదు. మీరు చెరిపేసినవి చెరగవని వాళ్లిద్దరికీ చెప్పాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. తోచలేదా, తోచనివ్వలేదా? ఇప్పుడు నిజాయితీగా వెనక్కి చూస్తే రెండోదే అనిపిస్తుంది.

ఎందుకంటే మొదటి వారం నుంచే నేను ఆ ఫీడ్‌ను రోజూ చదివాను. తగాదాలు లేని రోజుల్లో కూడా. పొద్దున చాయ్ తాగుతూ చదివేవాణ్ని. ఎవరి నిశ్చితార్థం తేదీ రెండుసార్లు మారి మూడోసారి మాయమైందో, ఏ అన్నదమ్ములు తండ్రి సంవత్సరీకానికి విడివిడిగా హాలు అడిగారో నాకు అందరికన్నా ముందే తెలిసేది. ఎదుటివాడి సంగతి అతనికి తెలియకుండానే నాకు తెలుసు అన్న రుచి ఒకటుంటుంది. చిలక జోస్యాల వాళ్ల మీద, సోది చెప్పేవాళ్ల మీద వ్యాసాలు రాసినవాణ్ని నేను. వాళ్లు బతికేది ఆ రుచి మీదే అని రాసినవాణ్ని. నా నాలుక మీదికి అదే రుచి వచ్చినప్పుడు దానికి పర్యవేక్షణ అని పేరు పెట్టుకున్నాను.

ఇక పంతులు సంగతి. డెబ్బై దాటిన మనిషి. మన కుటుంబాలతో పాటే మగ్గాల వెంట సూరత్ వచ్చాడు. నాకూ ఆయనకూ ఏళ్ల తరబడి వాదం. ముహూర్తం అనేది ఒట్టి మాట అని నేను, శాస్త్రమని ఆయన. ఒకసారి నిండు హాలులో నేను అరగంట మాట్లాడి కూర్చున్నాక ఆయన లేచి, "తమ్మీ, నీ లగ్గానికి ముహూర్తం పెట్టింది నేనే గదనే. మా చెల్లె బాగనే ఉన్నది. ఇంకేం నష్టమైంది నీకు?" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆయన చెల్లె అన్న నా భార్య కూడా నవ్వింది. అరగంట సేపు చెప్పిన తర్కం ఒక్క నవ్వులో కొట్టుకుపోయింది. ఆ నవ్వు నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇదంతా ఆ నవ్వు కోసమేనా? ఇంత చిన్న కారణమా? అవును, ఇంత చిన్నదే.

సుజాత నర్సింగ్ ఆఖరి సంవత్సరంలో ఉండగా రాజేశం ఆమెకు సూరత్‌లోనే ఉన్న భేస్తాన్ సంబంధం కుదిర్చాడు. చదువుకునే కోడలు తమకు వద్దని అబ్బాయి తరఫువాళ్లు ముందే చెప్పారు. చదువు ఎప్పుడో మానేసిందని రాజేశం వాళ్లతో అన్నాడు. కూతురితో మానేయమన్నాడు. ఆమె మానలేదు. హాలు పనికని బయలుదేరి క్లాసులకు వెళ్లివచ్చేది. ఇక మిగిలింది ఒక్క పరీక్ష. అది రాస్తే నర్సు. పంతులు పెళ్లికి వైశాఖంలో ఒక బుధవారం ముహూర్తం పెట్టాడు. ఆ తర్వాత కాలేజీ వాళ్లు పరీక్ష తేదీ ప్రకటించారు. అదే బుధవారం.

ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి. ముందు తెలిసింది నాలుగు వార్తలు. ఒక మధ్యాహ్నం పది నిమిషాల వ్యవధిలో ఫీడ్‌లో పడ్డాయి. మొదటిది, పెళ్లి రాసి ఉన్న బుధవారం కింద సుజాత ఒక చీటీ చేర్చింది. "తాతా, ఆ దినం నా ఫైనల్ పరీక్ష. ఎవ్వరికి చెప్పలే. వారం జరపవా. నా ఫోన్ అన్న చూస్తడు, అందుకే ఇందుల రాస్తున్న. చదివినంక మిటా దేనా." చదివాక చెరిపేయమని. రెండోది, దాని కింద పంతులు "సరే బిడ్డా" అని రాశాడు. మూడోది, చీటీ మొత్తం చెరిపేశాడు. నాలుగోది, పెళ్లిని తర్వాతి వారం గురువారానికి మార్చాడు.

ఆ సాయంత్రమే ఆయన రెండు ఇళ్లకూ వెళ్లి, మళ్లీ లెక్క చూశానని, బుధవారం లగ్నంలో దోషం కనబడిందని చెప్పాడు. రెండు ఇళ్లూ ఎదురు మాట్లాడలేదు. దోషం అన్నాక మాట్లాడేదేముంది?

నేనప్పుడు ఆలోచించాల్సింది ఒకటుంది. ఆ పిల్లకు తన తండ్రి ముందు, అత్తవారి ముందు, ఆ రోజు నాకు కుదరదు అనే మాట లేదు. మనం ఎవరమూ ఇవ్వలేదు. స్త్రీ స్వేచ్ఛ మీద పదేళ్లు ఉపన్యాసాలిచ్చిన నేను కూడా ఇవ్వలేదు. నేను అబద్ధమని కొట్టిపారేసిన పంచాంగంలోంచి ఆ ముసలాయన ఒక వారం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ముహూర్తం అబద్ధమే. ఇవాళ్టికీ అదే అంటాను. కానీ ఆ అబద్ధం ఆ రోజు ఎవరి పక్షాన నిలబడింది, నా నిజం ఎవరి పక్షాన నిలబడింది?

ఇదంతా ఇప్పటి ఆలోచన. అప్పుడు నాకు కనిపించింది ఒక్కటే. దొరికాడు.

పెళ్లికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. కార్ఖానాలకు ఛుట్టీ ఉన్న రోజు చర్చాసభ పెట్టాను. హాలు నిండింది. పెళ్లివారు కూడా వచ్చారు. ఫీడ్‌లోని నాలుగో వార్తను గోడ మీద పెద్దదిగా చూపించాను. మొదటి మూడూ కత్తిరించేశాను. ఆమెను కాపాడుతున్నానని అనుకున్నాను. ఆధారంలో సగం దాచి సగం చూపించడం అబద్ధం కన్నా హీనమని నేనే ఎన్నోసార్లు రాశాను. ఆ మాట కూడా ఆ పూట గుర్తు రాలేదు.

ఇదిగో, పంతులు ఈ పెళ్లిని బుధవారం నుంచి జరిపాడు, దోషమన్నాడు. రెండు రోజుల తర్వాత అదే బుధవారం, అదే లగ్నానికి, ఇదే హాలులో వేరే పెళ్లికి ఆయనే ముహూర్తం పెట్టాడు. ఒకరికి దోషం, ఒకరికి శుభమా? అని అడిగాను. జాతకాలు వేరు కదా అని ఆయన ఏదో మొదలుపెట్టి ఆగిపోయాడు. గోడ మీదికి చూశాడు. ఏ వార్త ఉందో, ఏవి లేవో ఆయనకు అర్థమైంది. తర్వాత నా వైపు చూసి కూర్చున్నాడు. ఆయన మాట్లాడకపోయేసరికి హాలు ఆయన వైపు ఒరిగింది. పెద్దమనిషిని పట్టుకుని ఇదేందని వెనక వరుసలో ఎవరో గొణిగారు. నేను మళ్లీ ఓడిపోతున్నాను.

అప్పుడు అబ్బాయి మేనమామ లేచాడు. "దోషమే లేకుంటె మరి పంతులు ఎందుకు జరిపినట్టు?"

"గది పంతులును కాదు, పెండ్లిపిల్లను అడగున్రి," అన్నాను.

చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు. సుజాత కుర్చీలు సర్దుతూ గోడ పక్కన నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూడలేదు. చూడలేదన్నది ఎంత బాగా గుర్తుందో!

సభ అయ్యాక మెట్ల మీద పంతులు నా కోసం ఆగాడు. కోపం లేదు. "నీ లెక్క కరెక్టే తమ్మీ," అన్నాడు. "పిల్ల పరీక్ష సంగతేంది మరి?"

నేను మెట్లు దిగిపోయాను.

అబ్బాయి తరఫువాళ్లు రెండు రోజుల్లో కాలేజీ దాకా వెళ్లి అన్నీ తెలుసుకున్నారు. సంబంధం తెంచుకోలేదు. అంతకన్నా తెలివైన పని చేశారు. పెళ్లి మొదట అనుకున్న బుధవారమే జరగాలన్నారు. హాలు లేకపోతే భేస్తాన్‌లో తమ ఇంటి ముందు పందిరి వేస్తామన్నారు. రాజేశం ఏదో నసిగితే ఆ మేనమామ నా మాటే ఆయనకు అప్పజెప్పాడట. అన్ని రోజులూ మంచివేనని మీ సార్ చెప్పలేదా, మరి బుధవారానికి ఏమైంది అని.

నా వాదాన్ని ఒక్క అక్షరం మార్చకుండా వాడుకున్నారు. దానిలో తప్పు పట్టడానికి ఇప్పటికీ నాకేమీ దొరకదు.

ఆ బుధవారం పొద్దున సుజాత పరీక్ష హాలులో ఉండాల్సిన వేళకు పందిట్లో ఉంది. మళ్లీ పరీక్ష రాయడానికి ఆ ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.

ఇక్కడితో ఆగితే దీన్ని తొందరపాటు అనవచ్చు. నోరు జారింది అనవచ్చు. ఇన్నేళ్లూ నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కానీ నేను దాచింది ఇది కాదు. ఈ మాట హాలులో అందరూ విన్నదే. దాచింది దీని తర్వాతిది.

పెళ్లికి రెండు రోజుల ముందు రాజేశం మా మార్కెట్ బయట చాయ్ బండి దగ్గరికి వచ్చాడు. కార్ఖానాలో పాళీ, అంటే షిఫ్టు, దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, తల మీద నూలు దూది అలాగే ఉంది. చాయ్ తీసుకున్నాడు కానీ తాగలేదు.

"అన్నా, ఒక్క మాట నిజం చెప్పు. మా పిల్ల పరీక్ష సంగతి నీకెవలు చెప్పిన్రు?"

"గదంత ఇప్పుడెందుకు రాజేశం?"

"ఎందుకంటె, ఇంట్ల ఎవ్వలికి తెల్వది. నాకే తెల్వది. పిల్ల ఏడ్సుకుంట ఒక్కటే అంటున్నది, పంతులు తాతకు తప్ప ఎవ్వలికి చెప్పలేదని. పంతులు చెప్పిండా నీకు?"

ఆ క్షణం నాకు స్పష్టంగా గుర్తుంది. కాదు, చెరిపేసిన చీటీ చదివాను అనాలి. అంటే కమిటీకి తెలుస్తుంది. షరతు మీరానని, ఏడాదిగా అందరి సంగతులూ రోజూ చదువుతున్నానని తెలుస్తుంది. గోడ మీద చూపింది సగమేనని తెలుస్తుంది. మళ్లీ ఏ సభలో నేను నిలబడి ఆధారం అడగగలను? ఉద్యమం దెబ్బతింటుంది అనుకున్నాను. నిజంగా ఆ మాటే అనుకున్నాను. ఉద్యమం! నా పరువుకు ఎంత పెద్ద పేరు పెట్టుకున్నానో చూడండి.

"మాటల్ల దొర్లింది," అన్నాను.

"ఎవలి మాటల్ల?"

"పంతులు మాటల్లనే."

 "పానమోలె నమ్మింది పిల్ల ఆయనను," అన్నాడు. చాయ్ అలాగే పెట్టేసి వెళ్లిపోయాడు.

అంతే. నాలుగు మాటలు. పర్వత్ పాటియా నుంచి ఉన్ బస్తీ దాకా, భేస్తాన్ దాకా, తెలుగువాళ్లు ఉన్న ప్రతి గల్లీకీ అవి చేరాయి. ఆడపిల్ల చెవిలో వేసిన మాటను పంతులు ఊరంతా చాటాడన్నారు. ఆడవాళ్లు ఆయన్ను పిలవడం మానేశారు. ముహూర్తాలు వద్దనుకుని కాదు, ముహూర్తాలకు ఇంకో పంతులు దొరికాడు. నా వ్యాసాల వల్ల ఒక్క ఇల్లూ పంచాంగం మానలేదు. ఆయన్ను మాత్రం ప్రతి ఇల్లూ మానేసింది.

ఆయన ఎవరితోనూ కాదనలేదు. ఎందుకు అనలేదో నాకు తెలియదు. ఊహించను. ఊహించి ఆయన్ను మహాత్ముణ్ని చేసేస్తే నాకు పని తేలికైపోతుంది. ఏడాది తిరక్కముందే సిరిసిల్ల వైపు సొంత ఊరికి వెళ్లిపోయాడు. ఫీడ్ పాడైందని కమిటీకి చెప్పి నేను దాన్ని తీసేశాను. ఎవరూ ఏమీ అడగలేదు.

ఈ మధ్య కొత్త ఫోన్ కొన్నాను. పాతదానిలో ఉన్నవన్నీ కొత్తదానిలోకి వచ్చాయి. నేను తీసేసింది ఫీడ్‌ను మాత్రమే. అప్పటికే వచ్చి పడిన వార్తలు నా ఖాతాలో అలాగే ఉన్నాయి. ఏడేళ్ల నాటి ఆ నాలుగూ వరుసగా. "సరే బిడ్డా" అన్న రెండు మాటల దగ్గర చాలాసేపు ఆగాను. వాటిని చెరిపేయాలని చూశాను కూడా. దాచడం ఏమిటి, నిజంగా వేలు పెట్టాను. నొక్కలేదు. మంచితనం వల్ల నొక్కలేదని చెప్పలేను. అలసిపోయాను, అంతే.

భేస్తాన్ వెళ్లాను. సుజాత గుమ్మం ముందు కూర్చుని చీర మీద రాళ్లు అంటిస్తోంది. మార్కెట్ నుంచి చీరల మూటలు తెచ్చుకుని ఇళ్లలో ఆడవాళ్లు చేసే పని అది. మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేరు. నిలబడే చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె తలెత్తలేదు. జిగురు ఆరిపోతుందని కాబోలు, ఒక పువ్వు పూర్తయ్యే వరకు అంటిస్తూనే ఉంది.

"ఏడు సాల్ల సంది తాతను తిడుతున్న నేను," అంది చివరికి. "మీకు ఎర్కే అంకుల్. రోజూ ఎర్కే."

ఆయన నంబరు ఉందా అని అడిగింది. లేదు. నా దగ్గర ఎందుకుంటుంది? మూడు రోజులు తిరిగి సంపాదించి ఇచ్చాను. ఆమె ఫోన్ చేసిందో లేదో, చేస్తే ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వాళ్లిద్దరి మాటలు ఇక నేను చదవను. క్షమించమని అడగబోయాను. ఆ మాట పూర్తి కానివ్వలేదు. హాలులో మొదలైనదాని నిజం హాలులోనే చెప్పమంది, తన పేరు తీయకుండా చెప్పమంది. తర్వాత ఇంకో చీర విప్పుకుంది.

సంఘం కార్యదర్శిని కలిసి, ఒక సభ పెట్టించమని అడిగాను. పాత సంగతులు ఇప్పుడెందుకన్నాడు, సంఘం పేరు పోతుందన్నాడు. ఆయన మాటలు వింటుంటే చాయ్ బండి దగ్గర నా ఆలోచనే వింటున్నట్టుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. సభ కోసం అడుగుతూనే ఉంటాను.

రాశాక తేలికైందా? కొంచెం అయింది. దాచను. ఆ తేలికకు నేను తగనని తెలిసినా అయింది. సుజాత పరీక్ష రాయలేదు, ముసలాయన పరాయివాడిగా ఊరు చేరాడు, ఈ రెండింటిలో ఏదీ నా రాతతో మారదు.

కానీ మీతో ఒక పని ఉంది. ఆ రోజు హాలులో చప్పట్లు కొట్టినవాళ్లు ఈ పత్రిక చదువుతారు. లేనివాళ్లు కూడా ఆ కథ విన్నారు, విని ఇంకొకరికి చెప్పారు. నేను పుట్టించిన మాటను మీరే ఇంటింటికీ మోశారు. నేనొక్కణ్నే తిరిగితే అన్ని గుమ్మాలు నాకు తెలియవు, మీకు తెలుసు. పంతులు ఆడపిల్ల రహస్యం బయటపెట్టాడని మీరు ఎవరెవరితో అన్నారో గుర్తు తెచ్చుకోండి. ఫోన్‌లో కాదు, ఈ వారమే వాళ్ల ఇళ్లకు వెళ్లండి. ఆయన ఎవరికీ చెప్పలేదని, అది నేను ఆడిన అబద్ధమని వాళ్ల ముఖం చూసి చెప్పిరండి.